తుస్సుమన్న సీసా గడప దాటదు

శామీర్‌పేట,
శుక్రవారం, జుమ్మా నమాజు తర్వాత.

అగ్నిపర్వతాల పొరుగున కాపురముంటూ ఊటనీళ్ళ నాడి పట్టి చూసే హకీమ్ సాహెబా, మా ఇంటి పెద్దదిక్కు సైమా ఆపాకు, తమ్ముడు అదీబ్ తలవంచి చేసే సలాములు. ఇక్కడ అబ్బా, అమ్మీ, నేను, సోడా మిషను నలుగురమూ బాగున్నాము. నలుగురిలో మిషనుకు మాత్రం కీళ్ళనొప్పులు. అక్కడ నువ్వూ, నీ ఊటలూ, ఆ ఊటల చుట్టూ మేసే ఫ్రాన్సు ఆవులూ కులాసా అని నమ్ముతున్నాను.

ముందే ఒక మాట. సోమవారం మీ పీహెచ్‌డీ గైడుకు "ఊట గురించి నేను చెప్పింది వెనక్కి తీసుకుంటున్నాను" అని రాసేస్తానన్నావు. రాయకు. కారణం ఈ ఉత్తరంలోనే ఉంది, కానీ నేను చెప్పే వరుసలోనే వస్తుంది. చివరి కాగితం ముందు తిప్పావంటే నీ మీద ఒట్టే.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. నీ ఫోను ఆ లోయలో ఆరు రోజులు చచ్చి ఆదివారం ఊళ్ళోకి దిగినప్పుడు బతుకుతుంది. అదొక కారణం. రెండోది అబ్బా ఒప్పుకోకపోవడం. "ఫోనుల జెప్తే సగం ఇంటది, సగం ఏడుస్తది. కాగితం మీద రాయ్, నింపాదిగ సదువుకుంటది" అన్నాడు. అందుకని ఈ కాగితాలన్నీ ఫొటోలు తీసి మెయిల్లో పంపుతున్నాను. మనం తగాదా పడేది దక్కనీ ఉర్దూలో అయినా రాసుకునేది తెలుగులోనే కాబట్టి, ఇంట్లోవాళ్ళ మాటలు కూడా మన ఊరి తెలుగులోకి దింపేశాను.

ఇక నువ్వు అడిగినవాటికి జవాబులు.

అమ్మీ మోకాలు ఎలా ఉందన్నావు. దావత్ అయితే దేవరయాంజాల్ దాకా నడుస్తుంది. వంటింట్లోంచి ముందు గదికి నాకు చాయ్ తేవాలంటే మాత్రం రెండడుగులు వేయలేదు. డాక్టరుకు ఈ జబ్బు పేరు తెలియలేదు, నాకు తెలుసు.

నా ఉద్యోగం గురించి అడిగావు. మేడ్చల్‌లో ఆ మందుల కంపెనీలోనే ఉన్నాను. కెమిస్ట్రీ చదివిన పాపానికి పొద్దస్తమానం దగ్గు మందు నాణ్యంగా ఉందని సంతకాలు పెడుతున్నాను. దేశంలో సగం గొంతులు నా సంతకాన్ని నమ్ముతాయి. ఇంట్లో పాలు విరిగాయని నేను చెబితే ఒక్కరూ నమ్మరు.

మిషను పిడి మార్చారా అన్నావు. మార్చలేదు. "పిడి మారిస్తే చెయ్యికి తెలుస్తది, చెయ్యికి తెలిస్తే సోడాకు తెలుస్తది" అని అబ్బా సిద్ధాంతం. గుడ్డపేలిక చుట్టి అదే తిప్పుతున్నాడు. చెరువు గట్టు మీదికి ఆదివారాలు వచ్చే జనం ఇప్పుడు ఫొటోల కోసం కూడా గోలీసోడా కొంటున్నారు. తాగేముందు సీసాను మొహం పక్కన పెట్టుకుని నవ్వుతారు. అబ్బాకు అది నచ్చదు. "నవ్వేలోపల గ్యాస్ పోతది" అని గొణుగుతాడు.

మన దుకాణం ధర్మం నీకు గుర్తుందిగా, తుస్సుమన్న సీసా గడప దాటదు. గోలీ నొక్కితే కీచుమని అరవాలి. అరవకపోతే ఆ సీసా వెనక్కి తీసుకుని ఇంకొకటి చేతిలో పెట్టాలి. తాత పెట్టిన నియమం. ఈ నియమాన్ని మొగులయ్య మామ ఎంత శ్రద్ధగా వాడుకుంటాడో కూడా నీకు తెలుసు. సగం తాగాక, "మన్నాన్ భాయ్, గిది తుస్సుమన్నదే!" అంటాడు. అబ్బాకు తెలుసు అబద్ధమని. అయినా ఇస్తాడు. సోడా పోయినా పరవాలేదు, తుస్సుమన్న పేరు రాకూడదు. ఈ మాట ఇక్కడ ఎందుకు రాశానో గుర్తుపెట్టుకో. ఈ ఉత్తరానికి ఇదే గోలీ.

ఇప్పుడు నీ నాలుగో ప్రశ్న. అది ప్రశ్న కాదు, లాఠీచార్జి. "సీసాలు ఎండలో పెట్టావా? బండి మీద ఎగరేసుకుంటూ తీసుకెళ్ళావా? నీ వల్ల నా మూడేళ్ళ పని మట్టిలో కలిసింది" అని రాశావు. చాయ్ చల్లారుతోంది, ఒక్క నిమిషం ఆగు. తాగి రాస్తాను.

తాగాను. బక్రీదుకు నువ్వు వచ్చిన రోజుల్లోకి వెళ్దాం.

నువ్వు సంచీలోంచి మూడు సీసాలు తీశావు. రెండు గోధుమరంగు గాజువి, బిగించిన మూత, మూత చుట్టూ నల్ల టేపు. అవి తార్నాక దగ్గరి ల్యాబుకి. మూడోది మామూలు ప్లాస్టిక్ సీసా, అది మన ఇంటికి, రుచి చూడడానికి. మీ గైడు పట్టిన పట్టు గురించి ఆ రోజు నువ్వు చెబుతుంటే అబ్బా సీసాలు కడగడం ఆపి మరీ విన్నాడు. ఆ ఊటలో పొంగే గ్యాసు భూమి అడుగున, అగ్నిపర్వతం వేళ్ళ దగ్గరనుంచి వస్తోందని నువ్వంటున్నావు. అక్కడి ల్యాబు నీ మాటే చెప్పింది. మీ గైడు మాత్రం, నీకు సంబంధం లేని ఇంకో ల్యాబు కూడా అదే లెక్క చెబితేనే థీసిస్‌లో ఆ అధ్యాయం ఉంటుందన్నాడు. లేకపోతే కోసేయాల్సిందే. ఆ రెండు సీసాల మీద నీ అధ్యాయం ఆధారపడి ఉంది.

"నీళ్ళల్ల గ్యాస్ తనంతట తనే ఎక్కుతదా బేటీ? మిషను తిప్పేదెవ్వరు?" అని అడిగాడు అబ్బా.

"ఎవ్వరు తిప్పరు అబ్బా. కింద కరిగిన రాయి ఊపిరి ఇడుస్తది. గా ఊపిరి పగుళ్ళల్లకెళ్ళి పైకొస్తది. నడుమ వాన నీళ్ళు ఇంకి ఉంటయ్ గదా, వాటిల్ల కలుస్తది. కింద ఒత్తిడి ఎక్కువ, గందుకే కరిగిపోతది. పైకొచ్చినంక ఒత్తిడి తగ్గుతది, బుడగలైతది. నీ సీసాల గోలీ నొక్కినట్టే."

"కూలి ఇయ్యకుండనే?"

"కూలి ఇయ్యకుండనే. గ్యాస్ కలిసిన నీళ్ళు జరంత పుల్లగైతయ్, రాయిని గీరుకుంట వస్తయ్. సున్నం, ఉప్పు, ఇనుము అన్ని మోసుకొస్తయ్. పైకొచ్చి గాలి తగిలినంక ఇనుము తుప్పువడుతది. మా ఊట చుట్టూ నేలంతా ఎర్రగనే ఉంటది."

అబ్బా మన చెరువు పక్క గుండ్లవైపు చూశాడు. "మరి గీ గుండ్ల కింద లేదా?" అంటే నువ్వు నవ్వి, ఈ రాయి చల్లారి ఎంతకాలమైందో లెక్క కట్టడానికే ఒక జన్మ చాలదన్నావు. అబ్బా మొహం చిన్నబోయింది. మన రాళ్ళు ఒక్క త్రేన్పు కూడా ఇవ్వవని తెలిసిన బాధ అది.

అప్పుడే నువ్వు ఇంటిపేరు సంగతి చెప్పావు. ప్రతి గ్యాసుకూ ఒక ఇంటిపేరు ఉంటుందన్నావు. భూమి అడుగునుంచి వచ్చే దాంట్లో బరువు కార్బన్ పాలు ఒక తీరుగా ఉంటుంది. ఒకప్పుడు ప్రాణంతో ఉన్నవాటి నుంచి, కుళ్ళిన ఆకుల నుంచో నేల కింది నూనె, గ్యాసుల నుంచో వచ్చే దాంట్లో తేలిక కార్బన్ ఎక్కువ. ల్యాబు మిషను ఆ పాళ్ళు చూసి ఇంటిపేరు చదివేస్తుంది; తేలికది పెరిగేకొద్దీ అంకె మైనస్‌లో కిందికి దిగుతుంది. "మరి నా సిలిండర్ గ్యాస్ ఇంటిపేరేంది?" అని అబ్బా అడిగితే, "గది ఎరువుల ఫ్యాక్టరీ వాళ్ళింటి పిల్ల అబ్బా, తేలిక రకం" అన్నావు. మొగులయ్య మామ వెంటనే, "ఇన్నేండ్లు మనం ఎరువు తాగినమా!" అని సీసా కింద పెట్టాడు. మళ్ళీ ఎత్తి తాగేశాడు.

సాయంత్రం ప్లాస్టిక్ సీసా మూత తీశావు. దారిలో మూత వదులై గ్యాసు పోయిందని, గాజుసీసాలకు ఆ భయం లేదని నువ్వు చెప్పావు. నేను విన్నాను. అమ్మీ గుటక వేసి, "తుప్పుబట్టిన బకెట్ల తినే సోడా కలిపినట్టున్నది" అంది. నేను, నోట్లో మేకు పెట్టుకున్నట్టుంది అన్నాను. అబ్బా మాత్రం రుచి సంగతి వదిలేశాడు. గ్లాసు ఎత్తి వెలుతురులో చూశాడు. ఒక్క బుడగ లేదు. ఆ చూపు అప్పుడు నాకు అర్థం కాలేదు.

ల్యాబులో మిషను ఖాళీ లేదని చెప్పి, సీసాలు ఫ్రిజ్‌లో పెట్టి, నాకు వంద జాగ్రత్తలు చెప్పి నువ్వు విమానం ఎక్కావు. నేను పెళ్ళికూతుర్ని సాగనంపినంత పద్ధతిగా ఐసు డబ్బాలో పెట్టి, గుంత కనిపిస్తే సలాం కొట్టి పక్కనుంచి పోతూ, అల్వాల్ మీదుగా తీసుకెళ్ళి ఇచ్చాను. ఎండలో పెట్టలేదు. ఎగరేయలేదు. ఇది నా వాంగ్మూలం.

తర్వాత సంగతి నీకే మెయిల్ వచ్చింది. ఒక సీసా మైనస్ అయిదు చుట్టూ, సరిగ్గా నువ్వన్న ఇంటిపేరు. రెండోది మైనస్ ముప్పైకి దగ్గర. ఒకే ఊట, ఒకే రోజు పట్టిన నీళ్ళు, ఒకటి నిప్పు అంటుంది, ఒకటి ఆకు అంటుంది. నువ్వు నీ చేతినే అనుమానించావు, ఆ తర్వాత నన్ను. చివరికి నీ ఊటనే అనుమానించావు.

నీ ఉత్తరం వచ్చిన రోజు అన్నాల దగ్గర చదివి వినిపించాను. "ఆపా అధ్యాయం కోసేస్తదట. రెండో సీసా వేరే లెక్క జెప్పిందట" అన్నాను.

అబ్బా ముద్ద కలపడం ఆపాడు. "ఏ సీసా అన్నవ్?"

"రెండోది."

"దాని మూతకు టేపు నున్నగుండెనా, ముడతలుండెనా?"

అమ్మీ పళ్ళెం అందుకుని చరచరా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మోకాలికి అంత వేగం ఎక్కడినుంచి వచ్చిందో!

"అబ్బా, టేపు ముడతల సంగతి నీకెట్ల తెలుసు?"

"నేనే సుట్టిన గాబట్టి."

ఆపా, కూర్చున్నావా? కూర్చో. ఇంతసేపు చాయ్ పేరు చెప్పి దాచింది ఇదే. నువ్వు వెళ్ళిన మర్నాడు నేను షిఫ్టులో ఉండగా మన తండ్రి మన్నాన్ సాహెబ్ ఫ్రిజ్‌లోంచి నీ సీసా తీశాడు, టేపు విప్పాడు, నీళ్ళను కడిగిన గోలీసీసాలో పోశాడు, మిషనుకు తగిలించి గ్యాసు కొట్టాడు. మళ్ళీ నీ సీసాలో అంచుదాకా పోసి మూత బిగించాడు. మిగిలిన సీసాకు కూడా చెయ్యి చాపుతుండగా పక్కింటి జయమ్మత్త ఇంటినుంచి అమ్మీ వచ్చింది. "బిడ్డ సామాన్ల చెయ్యి పెడతవా!" అని ఆ సీసా లాక్కుంది. అలా నీ మొదటి సీసా బతికింది. నాకు చెబితే నీకు చెబుతానని ఇద్దరూ నోరు కట్టేసుకున్నారు.

"ఎందుకు జేసినవ్ అబ్బా?" అని అరిచాను. నిజంగానే అరిచాను. నీకోసం నేను అరవడం చాలా అరుదు, గుర్తుపెట్టుకో.

అబ్బా పళ్ళెంలోకి చూస్తూ చెప్పాడు. "ఇంట్ల తాగిన సీసా తుస్సుమనలేదా? గంత దూరంకెళ్ళి మోసుకొచ్చింది బిడ్డ. గా పెద్ద ల్యాబుల మూత తీస్తరు, ఒక్క బుడగ రాదు. 'సోడా ఊట మీద సదువుతదట, సోడానే లేదు' అని నవ్వరా? నా దుకాణంల ఎవడో దారినపొయ్యేటోని సీసా తుస్సుమంటేనే నేను ఊకోను. నా బిడ్డ సీసా తుస్సుమంటే ఊకుంటనా?"

"గాజుసీసాల గ్యాస్ పోలేదబ్బా! పోయింది ప్లాస్టిక్ దాంట్ల! ఇంటిపేరు సంగతి ఆపా జెప్పింది గదా!"

"ఇంటిపేరు నీళ్ళల్ల ఉంటదనుకున్న" అన్నాడు మెల్లగా. "గ్యాస్ల ఉంటదనుకోలే. గ్యాస్ అంటే గ్యాసే గదా అనుకున్న."

ఆ పూట ఎవరమూ సరిగా తినలేదు. నేను జోకు వేద్దామని రెండుసార్లు నోరు తెరిచి మూశాను. ఇది చరిత్రలో నమోదు కావాలి.

పొద్దున లేచేసరికి అబ్బా పెళ్ళిళ్ళకు వేసుకునే తెల్ల లాల్చీ తొడిగి, అత్తరు పూసుకుని, గోలీసోడాల పెట్టె ఆటోలో ఎక్కించి నాకోసం ఎదురుచూస్తున్నాడు. "నడువ్. ల్యాబుకు పోవాలె."

ల్యాబులో నీ సీసాలు చూసిన పార్వతీదేవి మేడమ్ నీకు మెయిల్లోనే తెలుసు. మనిషి మెత్తన, కళ్ళద్దాలు గట్టివి. కోస్తా నుంచి వచ్చి పేట్ బషీరాబాద్‌లో స్థిరపడ్డారట. అబ్బా పెట్టె కింద దించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మేడమ్, గా రెండో సీసాల నీళ్ళు నా బిడ్డయి. గ్యాస్ నాది. తప్పు నాది. పిల్లది ఏం తప్పు లేదు."

ఆవిడకు ముందు ఏమీ అర్థం కాలేదు. నేను మొత్తం చెప్పాక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నవ్వు ఆపుకోవడానికేనని నా అనుమానం. "అదాండీ! మూత తీస్తే సీసా పొంగి నా బల్లంతా తడిసింది. ఇంత గ్యాసున్న ఊట ఎక్కడుందా అని రెండ్రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నానండి!"

అబ్బా మొహంలో ఒక్క క్షణం వెలుగు కనిపించింది. తప్పు ఒప్పుకోవడానికి వచ్చిన మనిషికి ఉండకూడని వెలుగు. "పొంగిందా మేడమ్? గట్టిగనే పొంగిందా?"

నేనప్పుడు తెలివి ఉపయోగించాను. "మేడమ్, రెండో సీసా దారిలో పగిలిందని రాసేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదా" అన్నాను. మేడమ్ నావైపు చూశారు. అబ్బా అంతకన్నా గట్టిగా చూశాడు.

"సీసా పగుల్లేదు. నేను తిప్పిన. గదే రాయుండ్రి. పేరు సుత రాయుండ్రి. మన్నాన్, గోలీసోడా, శామీర్‌పేట."

"రాయాలంటే రుజువు కావాలండి. మీ గ్యాసు కూడా కొలవాలి" అన్నారావిడ.

"గందుకే తెచ్చిన" అని అబ్బా ఒక సీసా తీసి, తుడిచి, అందించాడు. మేడమ్ బొటనవేలితో గోలీ నొక్కారు. కీచుమని అది పెట్టిన కేకకు వరండాలో పోతున్నవాళ్ళు ఆగి తలుపులోంచి తొంగిచూశారు. మిగిలిన సీసాలు వాళ్ళకు పంచాం. చెరువు గట్టున ఆదివారాలు తాగేది మీ సోడాయేనా అని మేడమ్ అడిగితే, "మీరు నవ్వుకుంట ఫొటో దిగినరా, దిగకుండ తాగినరా?" అని అడిగాడు అబ్బా. దిగలేదన్నారు. ఆవిడ మీద అబ్బాకు గౌరవం పెరిగింది.

నిన్న మళ్ళీ రమ్మన్నారు. మొదటి సీసాలో మిగిలిన నీళ్ళు మళ్ళీ కొలిచారు. మాట మార్చలేదు, మైనస్ అయిదు చుట్టూనే. అబ్బా సోడా మైనస్ ముప్పై దాటింది. రెండో సీసా అబ్బా సోడాను ఆనుకుని నిలబడింది, బిడ్డ తండ్రి భుజం పట్టుకున్నట్టు. ఈ ఉపమానం నాది, ల్యాబుది కాదు.

"మేడమ్, ఇంతకు నా బిడ్డ జెప్పింది నిజమేనా? గా గ్యాస్ అడుగుదేనా?"

"అడుగుదేనండి. ఫ్రాన్సులో చెప్పిన లెక్కా, మా లెక్కా ఒక్కటే. రిపోర్టులో ఒక్క సీసానే చెల్లుతుంది, వాళ్ళ గైడుగారు కావాలంటే ఇంకోటి పంపమనండి, మళ్ళీ చూస్తాను. కానీ మీ అమ్మాయి చెప్పింది నిజం."

అబ్బా నన్ను చూపించి అన్నాడు. "జర ఇంకోసారి జెప్పుండ్రి మేడమ్. గీ పిల్లగానికి సరిగ్గ ఇనవడలే."

నాకు వినపడింది ఆపా. మొదటిసారే బాగా వినపడింది. కళ్ళలో ఏదో పడి సరిగా కనపడలేదు, అంతే.

రిపోర్టు దీంతోపాటే పంపుతున్నాను. పట్టికలో మూడు వరుసలు. మొదటిది నీ ఊట. రెండోది నీ ఊట, పక్కన "దుకాణపు సోడా గ్యాసు కలిసినది, లెక్కలోకి తీసుకోలేదు" అని. మూడో వరుసలో, ఫ్రాన్సు కమిటీవాళ్ళు నాలుక మడతపడకుండా చదవలేని అక్షరాల్లో: మన్నాన్ గోలీసోడా, శామీర్‌పేట. దీని నకలు ఒకటి అబ్బా అద్దం కట్టించి దుకాణంలో తాత ఫొటో పక్కన పెట్టాడు. చదవరాని వాళ్ళకు చదివి వినిపిస్తున్నాడు. చదవవచ్చినవాళ్ళకూ వినిపిస్తున్నాడు.

ఇవాళ పొద్దున మొగులయ్య మామ సగం సీసా తాగి, అలవాటుగా, "మన్నాన్ భాయ్, శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాంక నీ సోడానే నంబర్ వన్ అంటవు, గిదేంది తుస్సుమన్నది?" అన్నాడు.

ఇన్నేళ్ళలో మొదటిసారి అబ్బా కాదన్నాడు. "నంబర్ వన్ కాదు మొగులయ్యా. నాది నంబర్ టూ."

"మరి నంబర్ వన్ ఎవనిది?"

"భూమిది. దాని దుకాణం నా బిడ్డ సూస్తాంది."

మామ సీసా ఖాళీ చేశాడు. డబ్బులిచ్చి, రెండో సీసా అడక్కుండా వెళ్ళిపోయాడు. ఊళ్ళో జనం ఇంకా తేరుకోలేదు.

కాబట్టి ఆపా, సోమవారం గైడుకు ఉత్తరం రాయి, కానీ వెనక్కి తీసుకుంటానని కాదు. జరిగింది జరిగినట్టు రాయి. వాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. నీ అధ్యాయం చెప్పే రోజున ఆ పట్టిక గోడ మీద వెలిగినప్పుడు మొదటి వరుస ఎంత గట్టిగా చదువుతావో, మూడో వరుసా అంతే గట్టిగా చదువు. అక్కడికి వచ్చేసరికి గొంతు తగ్గించావో, అది ఇక్కడ మా ముగ్గురికీ వినపడుతుంది. తుస్సుమన్న సీసా మన గడప దాటదు.

అమ్మీ నీకు మామిడి తొక్కు పచ్చడి పార్సిల్ కట్టింది. దాని మూతకు టేపు మాత్రం నేనే చుట్టాను, అబ్బాను దగ్గరికి రానివ్వలేదు.

ఇట్లు,
ఎండలో ఏమీ పెట్టని, ఎప్పుడూ ఎగరేయని,
నిరపరాధి అయిన నీ తమ్ముడు
అదీబ్

కింద ఉన్న వంకర సంతకం అబ్బాది. ఏమైనా రాయమంటే, "అంతా నువ్వే రాసినవ్ గదా" అని సంతకం ఒక్కటే పెట్టాడు. పెట్టేముందు చేతులు కడుక్కుని వచ్చాడు.